అమ్మ గాజులు తాకట్టు పెట్టి గూఢచారి కావాలా?

ప్రశ్న: అక్కా, మాది బొబ్బిలి దగ్గర పల్లె. ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం పరీక్షలు రాశాను. చిన్నప్పటి నుంచీ రా, ఐబీ లాంటి నిఘా సంస్థల్లో పని చేయాలని కోరిక. న్యూజెర్సీలో ఉన్న మా చిన్నాన్న ఒక బ్రోషర్ పంపించారు. అక్కడ హైస్కూల్ పిల్లలకి వేసవిలో 9 రోజుల క్యాంపు ఉందట, ఇంటెలిజెన్స్, జాతీయ భద్రత రంగాల్లో ఉద్యోగాలు ఎలా ఉంటాయో చూపిస్తారట. ఫీజు, విమానం టికెట్టు, వీసా అన్నీ కలిపితే 6 లక్షలు దాటేలా ఉంది. అంత వద్దనుకుంటే హైదరాబాద్‌లో 15 రోజుల సమ్మర్ స్కూల్ ఒకటి ఉంది, 45 వేలు. దాని బ్రోషర్ మీద 'రా ఏజెంట్ కావాలనుకునేవారికి తొలి మెట్టు' అని రాశారు. నాన్నకి కిరాణా కొట్టు. నా సరదా చూసి అమ్మ గాజులు బ్యాంకులో పెడతానంటున్నారు. ఏది మంచిది? ఇంకో మాట, మా నాయనమ్మ అడగమంది. ఆ ఉద్యోగం వస్తే పెళ్లిచూపుల్లో ఏం ఉద్యోగమని చెప్పాలి?

జవాబు:

ముందు ఆ గాజులు బీరువాలోంచి బయటికి రాకుండా చూడు తల్లీ. మిగతావన్నీ తర్వాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

నీ ఉత్తరంతో పాటు పంపిన రెండు బ్రోషర్లూ చదివాను, చిన్న అక్షరాలతో సహా. అమెరికాదాని సంగతి ముందు చెప్తాను. అది మోసం కాదు. అలాంటి క్యాంపులు అక్కడ చాలానే జరుగుతాయి. పిల్లల్ని ఒక గదిలో కూర్చోబెట్టి, ఫలానా దేశంలో మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది, అరగంటలో ఏం చేయాలో చెప్పండి అంటూ ఒక ఉత్తుత్తి సంక్షోభం నడిపిస్తారు. రిటైరైన అధికారి ఒకరు వచ్చి మాట్లాడతారు. వాషింగ్టన్‌లో అయితే 2002లో పెట్టిన గూఢచర్య మ్యూజియం కూడా చూపిస్తారు. పిల్లలకి సరదాగానే ఉంటుంది. అక్కడే పుట్టి పెరిగి, అమ్మానాన్నలకి ఓపికున్న పిల్లకైతే నేను కూడా వెళ్లమనే అంటాను.

కానీ బ్రోషర్‌లో రెండో పేజీ కింద ఏం రాసుందో చూశావా? ఆ పెద్ద యూనివర్సిటీ పేరు మొదటి పేజీలో ఇంత లావు అక్షరాల్లో ఉంది కదా, కిందకి వచ్చేసరికి 'క్యాంపస్‌లో నిర్వహించబడుతుంది' అని ఉంది. నిర్వహించేది యూనివర్సిటీ కాదన్నమాట. వేసవి సెలవుల్లో హాస్టల్ గదులు, క్లాసు గదులు ఖాళీగా ఉంటాయి, వాటిని బయటి కంపెనీ అద్దెకి తీసుకుంటుంది. మన కళ్యాణమండపం లాంటిదే అనుకో. మండపం మీద రాజావారి పేరున్నంత మాత్రాన పెళ్లి చేస్తున్నది రాజావారు కాదు కదా. 'మీరు ఎంపికయ్యారు' అని నీ పేరు మీద వచ్చిన ఉత్తరం కూడా అలాంటిదే. ఏ పరీక్షా పెట్టకుండా, ఒక్క ప్రశ్నా అడగకుండా ఎంపిక చేశారంటే వాళ్లు చూసింది నీ తెలివి కాదు, మీ చిన్నాన్న అడ్రసు.

అమెరికా ప్రభుత్వం డబ్బుతో నడిచేవి వేరే ఉన్నాయి. అక్కడి నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ, వాళ్ల నేషనల్ సైన్స్ ఫౌండేషన్ కలిసి 2014 నుంచి జెన్‌సైబర్ అనే వేసవి క్యాంపులకి నిధులిస్తూ వచ్చాయి. స్కూలు పిల్లలకి సైబర్ భద్రత నేర్పేవారు, పిల్లల దగ్గర ఫీజు తీసుకునేవారు కాదు. అవి ఆ దేశంలో చదువుకునే పిల్లల కోసం. ఇక సీఐఏ, ఎన్‌ఎస్‌ఏల్లో ఇంటర్న్‌షిప్ కావాలన్నా, ఉద్యోగం కావాలన్నా అమెరికా పౌరసత్వం ఉండి తీరాలి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే కుదరదు, ఇక నీ సంగతి చెప్పేదేముంది. మరి ఆ 9 రోజుల సర్టిఫికెట్‌ని ఎక్కడ చూపిస్తావు? వాళ్ల సంస్థలు నిన్ను తీసుకోవు, మన సంస్థలు ఆ కాగితం అడగవు. 6 లక్షలంటే మన దగ్గర చాలా కాలేజీల్లో బీటెక్ నాలుగేళ్ల ఫీజుకి సరిపోతుంది.

చిన్నాన్న ప్రేమతోనే పంపారు, ఆయన్ని ఏమీ అనకు. ఎప్పుడైనా ఆయన్నీ పిన్నినీ చూడ్డానికి వెళ్లు, ఆ మ్యూజియం కూడా చూసి రా. క్యాంపు కోసం మాత్రం వద్దు. అన్నట్టు మే నెలలో నీకు ఈఏపీసెట్ కూడా ఉంటుంది, ఆ సంగతి నీ ఉత్తరంలో ఎక్కడా లేదు, నాకు అదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

హైదరాబాద్‌దాని దగ్గర నాకు కోపం వచ్చింది. 'రా ఏజెంట్ కావాలనుకునేవారికి తొలి మెట్టు' అన్న ఒక్క మాట చాలు, ఆ రాసినవాళ్లకి ఈ పని గురించి ఏమీ తెలియదని చెప్పడానికి. ఈ వృత్తిలో జీతం తీసుకునే ఉద్యోగిని ఏజెంట్ అనరు, ఆఫీసర్ అంటారు. ఆ ఆఫీసర్‌కి లోపలి నుంచి సమాచారం చేరవేసే బయటి మనిషి ఏజెంట్. అంటే 45 వేలు కట్టించుకుని నిన్ను ఇన్‌ఫార్మర్‌ని చేస్తామంటున్నారు, పాపం వాళ్లకే తెలియకుండా.

నా తమ్ముడి సంగతి చెప్తాను. పదిహేనేళ్ల కిందటి మాట. విశాఖలో ఒక ఇన్‌స్టిట్యూట్, పేరెందుకులే, 'ఇంటెలిజెన్స్ ట్రైనింగ్, ఉద్యోగం గ్యారంటీ' అని కరెంటు స్తంభాలకి బోర్డులు కట్టింది. వాడు 18 వేలు కట్టాడు, అందులో సగం మా అమ్మ చీటీ పాడి తెచ్చింది. రెండు నెలలు జనరల్ నాలెడ్జి బట్టీ పట్టించారు, ఒక ఖాకీ ప్యాంటు కుట్టించారు, ఫొటో అతికించిన గుర్తింపు కార్డు ఇచ్చారు. దాని మీద మూడు సింహాల బొమ్మ! ఆ కార్డు చూపించి వాడు కాంప్లెక్స్‌లో బస్సు టికెట్టు తీసుకోనన్నాడు. కండక్టర్ మంచివాడు కాబట్టి కార్డు లాక్కుని, చెవి మెలేసి, టికెట్టు కొట్టి వదిలేశాడు. మూడో నెలలో వెళ్తే షట్టర్ మూసేసి ఉంది. ఇప్పుడు వాడికి రాజాంలో సొంత వెల్డింగ్ షాపు ఉంది, బాగానే ఉన్నాడు, ఆ కార్డు మాట ఎత్తితే మాత్రం అన్నం ముందు నుంచి లేచిపోతాడు.

కాబట్టి ఈ ముక్క గుర్తుపెట్టుకో. రా సంస్థ జనం నుంచి దరఖాస్తులు పిలిచి పెట్టే పరీక్షంటూ ఏదీ లేదు. 1962 చైనా యుద్ధం, 1965 పాకిస్తాన్ యుద్ధం తర్వాత విదేశీ సమాచారానికి విడిగా ఒక సంస్థ ఉండాలని 1968 సెప్టెంబరులో దాన్ని పెట్టారు, ఆర్.ఎన్.కావ్ మొదటి అధిపతి. అక్కడికి సివిల్ సర్వీసుల నుంచి, పోలీసు నుంచి, సైన్యం నుంచి ఎంచుకున్నవాళ్లు వెళ్తారు, దానికి సొంత కేడర్ కూడా ఉంది. రా పేరుతో ఇంటర్న్‌షిప్ అన్నా, రా పేరుతో కోచింగ్ అన్నా, వాట్సాప్‌లో రా అపాయింట్‌మెంట్ లెటర్ అన్నా నమ్మకు.

ఐబీ వేరు. అది 1887లో మొదలైన పాత సంస్థ, దేశం లోపలి వ్యవహారాలు చూస్తుంది, కేంద్ర హోం శాఖ కింద ఉంటుంది, పరీక్ష పెట్టి బహిరంగంగానే తీసుకుంటుంది. డిగ్రీ అయ్యాక ఏసీఐఓ, అంటే అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్ పోస్టుకి పరీక్ష రాయొచ్చు, వయసు 18 నుంచి 27, రిజర్వేషన్ ఉంటే సడలింపు. 2025లో 3717 ఏసీఐఓ పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు. అదే ఏడాది పదో తరగతి చదివితే చాలనే సెక్యూరిటీ అసిస్టెంట్ పోస్టులు 4987. ఈ రెండో దాంట్లో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. స్థానిక భాష రావాలి, ఆ భాష నుంచి ఇంగ్లీషుకి, ఇంగ్లీషు నుంచి ఆ భాషకి అనువాదం చేయమని పరీక్షే పెడతారు. అంటే తెలుగు తప్పుల్లేకుండా రాయడం కూడా అర్హతే. బీటెక్‌లో ఎలక్ట్రానిక్స్ గానీ కంప్యూటర్ సైన్స్ గానీ తీసుకుంటే గేట్ అనే ఇంజనీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష స్కోరు మీద టెక్నికల్ ఏసీఐఓ కూడా తీసుకున్నారు, 2023 చివర్లో 226 పోస్టులకి. నువ్వు ఎంపీసీ కాబట్టి ఇది పనికొస్తుంది. అదే గేట్ స్కోరు రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓలో సైంటిస్టు ఉద్యోగానికీ దారి.

సైన్యం వైపు మనసుంటే, ఇంటర్ తర్వాత సైనిక అధికారులుగా తయారుచేసే అకాడమీ ఎన్‌డీఏకి నీ వయసు ఇప్పుడే సరిపోతుంది. పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర లోపు రాయాలి, ఏడాదికి రెండుసార్లు పరీక్ష. అమ్మాయిలకి 2021లో సుప్రీంకోర్టు తలుపులు తీయించింది, తొలి బ్యాచ్‌లో 17 మంది అమ్మాయిలు 2025 మేలో బయటికొచ్చారు. మీకు పక్కనే కోరుకొండ సైనిక్ స్కూల్ ఉంది, 1962 నుంచీ నడుస్తోంది, విజయనగరం రాజుల కోటలాంటి బంగళాలో. అక్కడ చదివి ఎన్‌డీఏకి వెళ్లినవాళ్లు మీ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరో ఒకరు ఉండే ఉంటారు, సెలవులకి వచ్చినప్పుడు పట్టుకుని ఒక గంట మాట్లాడు. ఆ గంట 45 వేల కంటే విలువైంది, టీ ఖర్చు మాత్రం నీది.

ఇదంతా ఎవరైనా చెప్తారు. నువ్వు అడగనిది ఒకటి ఉంది. అసలు ఆ పని ఎలా ఉంటుందో నీకు తెలుసా?

నాకు తెలిసింది చెప్తాను. నా చిన్నప్పుడు మా ఊళ్లో ఎస్‌బీ కానిస్టేబుల్ ఒకాయన ఉండేవాడు. స్పెషల్ బ్రాంచి అన్నమాట. మఫ్టీలో తిరిగేవాడు, గూఢచారి కదా మరి, కానీ ఊరంతటికీ ఆయన ఎస్‌బీ అని తెలుసు. పొద్దున్నే బస్టాండు ఎదురుగా టీ బడ్డీ, తర్వాత మార్కెట్ యార్డు, సాయంత్రం రైల్వే గేటు. ఎప్పుడూ ఏమీ అడిగేవాడు కాదు. వేరుశనగకాయలు ఒలుస్తూ కూర్చునేవాడు, పక్కవాళ్లే అన్నీ చెప్పేవారు. ఏ వీధిలో ఊరేగింపు దారి గురించి గొడవ మొదలైంది, ఏ యూనియన్‌లో రెండు వర్గాలయ్యాయి, ఎవరి కొడుకు కొత్తగా డబ్బు బాగా ఖర్చు పెడుతున్నాడు. రాత్రి ఇంటికెళ్లి అరపేజీ రాసేవాడు. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి విజయనగరంలో లక్షల మంది చేరతారు కదా, ఆ రోజు ఎక్కడ తాడు కట్టాలి, ఏ సందు మూయాలి అన్న నిర్ణయాల వెనక ఇలాంటి అరపేజీలు ఎన్నో ఉంటాయి. తుపాకీ లేదు, కోటు లేదు, ఒక పాత సైకిలు ఉండేది. మా నాన్న పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కి వచ్చినప్పుడు మా ఇంట్లో కాఫీ కూడా తాగలేదు, పక్కింటివాళ్లని నాలుగు మాటలడిగి వెళ్లిపోయాడు.

నిఘా అంటే చాలా వరకు ఇదే. వినడం, చదవడం, పొట్టిగా రాయడం, నోరు మూసుకోవడం. నీకు ఇందులో ఏది వచ్చు, ఏది రాదు అన్నది 9 రోజుల క్యాంపులో తేలదు, ఇంటి దగ్గరే తేలిపోతుంది.

జాతీయ భద్రత ఢిల్లీలోనో వాషింగ్టన్‌లోనో జరిగే వ్యవహారం అనుకుంటున్నావు కాబట్టి ఇంకో సంగతి. 2008 నవంబరులో ముంబై మీద దాడి చేసిన 10 మంది సముద్రం మీదుగా వచ్చారు, దారిలో గుజరాత్‌కి చెందిన కుబేర్ అనే చేపల బోటుని ఎత్తుకుపోయి దాంట్లో వచ్చారు. హెచ్చరికలు ముందే కొన్ని ఉన్నాయి, అక్కడొక ముక్క ఇక్కడొక ముక్కగా, అన్నీ కలిపి చూసి కదిలినవాళ్లు లేరు. ఆ దాడి తర్వాతే ఉగ్రవాద కేసులు చూసే జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏ పుట్టింది, తీరం పొడవునా మెరైన్ పోలీసు స్టేషన్లు పెరిగాయి, వేటకెళ్లేవాళ్లకి బయోమెట్రిక్ కార్డులిచ్చారు. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది, రాష్ట్రంలో అదే పొడుగు. కళింగపట్నం, భావనపాడు వైపు వెళ్లి అడుగు, సాగర్ కవచ్ విన్యాసాల సంగతి చెప్తారు. పోలీసులే ఉగ్రవాదుల్లా బోటులో దొంగచాటుగా ఒడ్డుకి రావడానికి చూస్తారు, మిగతా పోలీసులు పట్టుకోవాలి. తెలియని బోటుని అందరికంటే ముందు ఆనవాలు పట్టగలిగేది చాలాసార్లు జాలరే, ఎందుకంటే ఏ ఊరి బోటుకి ఏ రంగో, ఇంజన్ చప్పుడు ఎలా ఉంటుందో వాళ్లకే తెలుసు.

అదే తీరం నుంచి పొట్టకూటికి గుజరాత్ వెరావల్ వెళ్లినవాళ్లు 2018 చివర్లో పాకిస్తాన్ వాళ్లకి చిక్కారు. ఎక్కువమంది శ్రీకాకుళం వాళ్లు, కొందరు మీ విజయనగరం జిల్లా వాళ్లు. 2020 జనవరిలో వాఘా దగ్గర 20 మందిని అప్పగించారు. ఏడాదికి పైగా అక్కడి జైల్లో. నీళ్ల మీద గీత కనిపించదు, అటు దాటితే జైలు. బతుకుతెరువు కోసం అంత దూరం ఎందుకు వెళ్లాల్సి వచ్చింది, ఇక్కడ జెట్టీలు, చేపలు ఎలా ఉన్నాయి అన్నది కూడా భద్రత ప్రశ్నే. క్యాంపుల్లో అడిగే ఉత్తుత్తి సంక్షోభాల్లో ఇది ఉండదు.

సరే, వేసవిలో ఏం చేయాలి? ఈఏపీసెట్ అయ్యేదాకా అదే చదువు. అయ్యాక నెలన్నర దొరుకుతుంది. అప్పుడు చేయడానికి ఒక పని చెప్తాను, దీనికి 200 పేజీల నోటుపుస్తకం చాలు.

కొటియా ఊళ్ల గురించి విన్నావు కదా, సాలూరు పైన కొండల్లో, మనదంటే మనదని ఆంధ్రా, ఒడిశా రెండూ అనుకునే ఊళ్లు, రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్న మనుషులు. దాని మీద ఒక పేజీ రాయి. ఒక్క పేజీ, రెండో పేజీలోకి వెళ్లకూడదు. తెలుగు పేపర్లో ఏం రాశారో చదువు, ఒడియా వైపు ఏం రాశారో ఎవరితోనైనా చదివించుకో, రెండూ పక్కపక్కన పెడితే ఒకే సంఘటన రెండు వేరు సంఘటనల్లా కనిపిస్తుంది, చూడు. సాలూరు సంతకి ఆ వైపు నుంచి వచ్చేవాళ్లు ఉంటారు, నాన్నతో కలిసి వెళ్లి, పసుపో చింతపండో కొంటూ రెండు మాటలు మాట్లాడు. ఆరా తీస్తున్నట్టు మాత్రం అడగకు, ఎస్‌బీ ఆయన వేరుశనగకాయలు గుర్తుంచుకో. తర్వాత రాయి. ప్రతి వాక్యం పక్కన ఇది నాకెలా తెలిసింది, నా కళ్లతో చూశానా, ఒకరు చెప్పారా, పేపర్లో చదివానా అన్నది మార్జిన్‌లో గుర్తు పెట్టు. కింద మూడు గీతలు గీసి, దీంట్లో నాకు ఖాయంగా తెలిసిందెంత, అనుకుంటున్నదెంత, అసలు తెలియనిదెంత అని విడగొట్టు.

మొదటిసారి రాసినప్పుడు చాలా దరిద్రంగా వస్తుంది. నేను రాసినా అంతే వచ్చింది, మూడు పేజీలైంది, అందులో సగం నా అభిప్రాయాలు. మనవాళ్లకి అనుకున్నదాన్ని తెలిసినదానిలా చెప్పడం చిన్నప్పటి నుంచీ అలవాటు. తుఫాను కబురు చెప్పేవాళ్లని చూడు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ముందు రోజు వాళ్లు 'ఈ ఊరి మీద పడుతుంది' అని వేలు పెట్టి చెప్పలేదు. ఫలానా చోటుకీ ఫలానా చోటుకీ మధ్య, ఫలానా వేళకి, గాలి ఇంత నుంచి ఇంత అన్నారు. తెలిసిన మేరకే చెప్పడం, తెలియని మేర వదిలేయడం. ఉద్దానంలో కొబ్బరి చెట్లు నేలకొరిగాక 'నేను ముందే చెప్పాను' అన్నవాళ్లు ఊరికి పది మంది తేలారు, వాళ్లెవరూ ముందు రోజు ఏమీ రాసి పెట్టలేదు. నిఘా నోటు వాతావరణ కబురులా ఉండాలి, రచ్చబండ కబురులా కాదు.

ఇలా వారానికొకటి, ఆరు పేజీలు రాస్తే నీకే తెలిసిపోతుంది ఈ పని నీకు నచ్చుతోందో లేదో. విసుగొచ్చిందనుకో, అదీ మంచిదే, 6 లక్షలు మిగిలాయి. ఏసీఐఓ పరీక్షలో రెండో దశ వ్యాసరచన, ఇంగ్లీషు కాంప్రహెన్షనే కాబట్టి నచ్చినా నచ్చకపోయినా ఈ కసరత్తు వృథా పోదు.

భాష కూడా చూసుకో. బొబ్బిలి మీదుగా రాయగడ రైళ్లు వెళ్తాయి, మీ నాన్న కొట్టుకి ఒడియా మాట్లాడేవాళ్లు ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ఈ వేసవిలో ఒడియా లిపి నేర్చుకో, గుండ్రంగా ముద్దుగా ఉంటుంది, పదిహేను రోజుల్లో వచ్చేస్తుంది. ఇంకా పెద్ద ఆశలుంటే డిగ్రీకి హైదరాబాద్‌లో ఇఫ్లూ, అంటే ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ ఉంది, అరబిక్, రష్యన్, పర్షియన్ లాంటివి నేర్పుతారు. దేశ భద్రతలో ఆ భాషలు వచ్చినవాళ్లకి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది, మన పిల్లలు అటు వెళ్లేదే తక్కువ.

డబ్బులు అడగకుండా, పైగా వాళ్లే పెట్టుకుని నడిపే కార్యక్రమాలు మన దగ్గర కూడా ఉన్నాయి, నాన్నకి చూపించు. ఇస్రో యువిక అని 2019 నుంచి నడుస్తోంది, తొమ్మిదో తరగతి పిల్లలకి వేసవిలో రెండు వారాలు, తిండి, బస, ప్రయాణం వాళ్లదే. నీకు వయసు దాటిపోయింది, తమ్ముడో చెల్లో ఉంటే పెట్టించు. డిగ్రీ అయ్యాక విదేశాంగ శాఖ ఇంటర్న్‌షిప్‌కి దరఖాస్తు చేయొచ్చు, నెలకి 10 వేలు వాళ్లే ఇస్తారు, వెనకబడిన ఆకాంక్షిత జిల్లాల పిల్లలకి ప్రాధాన్యం ఉంటుంది. 2018లో ఆ జాబితా వేసినప్పుడు విజయనగరం అందులో ఉంది, 2022లో మన్యం జిల్లా విడిపోయింది కాబట్టి నీ మండలం ఎటు వస్తుందో అప్పటి నోటిఫికేషన్‌లో చూసుకో. బీటెక్‌లో చేరితే విశాఖలో ఎన్‌ఎస్‌టీఎల్ ఉంది, నౌకాదళం కోసం టార్పెడోల లాంటివి తయారుచేసే డీఆర్‌డీఓ ప్రయోగశాల. కాలేజీ లెటర్‌తో విద్యార్థులు ప్రాజెక్టులకి అలాంటి చోట్లకే వెళ్తారు. ఏ కాలేజీలో చేరినా ఎన్‌సీసీ ఉందో లేదో ముందు అడుగు. సీ సర్టిఫికెట్ ఉంటే సైన్యంలో స్పెషల్ ఎంట్రీకి రాతపరీక్షే లేదు, నేరుగా ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకి పిలుస్తారు. పొద్దున్నే ఐదింటికి లేవాలి మరి, అది నీ ఇష్టం.

నీ ఇన్‌స్టాగ్రామ్ పేరు ఉత్తరం కింద రాశావు, చూశాను. 'ఫ్యూచర్ రా ఏజెంట్' అని పెట్టుకున్నావు, పక్కన నల్ల కళ్లద్దాల బొమ్మ. ఈ రాత్రికే తీసేయ్. నవ్వుతూ చెప్తున్నాను గానీ సంగతి చిన్నది కాదు. 2019 డిసెంబరులో మన నౌకాదళానికి చెందిన ఏడుగురిని పాకిస్తాన్‌కి సమాచారం ఇచ్చారన్న ఆరోపణ మీద అరెస్టు చేశారు, మన రాష్ట్ర ఇంటెలిజెన్స్ వాళ్లే కేంద్ర నిఘా సంస్థలతో కలిసి 'డాల్ఫిన్స్ నోస్' అని పేరు పెట్టి ఆ ఆపరేషన్ నడిపారు. అందరూ కుర్రాళ్లే. కథ ఫేస్‌బుక్‌లో అమ్మాయి పేరుతో వచ్చిన ఒక ఫ్రెండ్ రిక్వెస్టుతో మొదలైందని చెప్పారు. ఎవరికి ఏ ఆశ ఉందో బయటికి కనిపిస్తే దాన్ని పట్టుకుని లాగేవాళ్లు ఉంటారు. నువ్వేమో ఆశని బోర్డు మీద రాసి పెట్టావు. 'మేం రా నుంచి మాట్లాడుతున్నాం, రిజిస్ట్రేషన్ ఫీజు 4999' అని మెసేజ్ వచ్చే మొదటి ఫోను నీదే అవుతుంది. వస్తే 1930కి కొట్టు, అది సైబర్ మోసాల నంబరు.

నాన్నకి ఎలా చెప్పాలో కూడా చెప్తాను, ఎందుకంటే ఆయన మనసు నొచ్చుకుంటుంది. కూతురు అడిగింది, తాను ఇవ్వలేకపోయాను అనుకుంటారు. 'అక్క వద్దంది' అనకు. ఎన్‌డీఏ నోటిఫికేషన్, ఐబీ పాత నోటిఫికేషన్ రెండూ ప్రింటు తీసి కొట్టులో ఆయన ముందు పెట్టి, వయసు, అర్హత ఉన్న లైన్ల కింద ఎర్ర పెన్నుతో గీసి చూపించు. నాలుగేళ్ల తర్వాత కోచింగ్‌కి నిజంగా డబ్బు అవసరమైతే అప్పుడు అడుగుతానని చెప్పు. కొట్టు నడిపే మనిషి, లెక్క కనిపిస్తే ఊరుకుంటారు.

ఇక మీ నాయనమ్మ ప్రశ్న. ఇన్ని ఉత్తరాల్లో ఇంత మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు, ఆవిడని అడిగానని చెప్పు. ఐబీలో వస్తే 'కేంద్ర హోం శాఖలో ఉద్యోగం' అనొచ్చు, అబద్ధం కాదు. రా వరకూ వెళ్తే అది క్యాబినెట్ సెక్రటేరియట్ కింద ఉంటుంది కాబట్టి 'ఢిల్లీలో క్యాబినెట్ సెక్రటేరియట్‌లో ఆఫీసు పని' అనొచ్చు, అదీ అబద్ధం కాదు. పిల్లవాడి తరఫువాళ్లు 'అక్కడ ఏం పని?' అని ఇంకా తవ్వితే 'ఫైళ్లు చూస్తుందట బాబూ, మాకేం తెలుస్తాయి' అని తమలపాకులకి సున్నం రాసుకుంటూ కూర్చోమను. ఆవిడ ఇప్పుడే నిన్ను ఇలా అడిగించిందంటే, మీ ఇంట్లో ఆ ఉద్యోగానికి అసలైన మనిషి ఆవిడేనేమోనని నా అనుమానం.